దేనికీ వంక పెట్టకుండా ఉండని టీనేజ్ అమ్మాయికి ఇన్‌స్టాక్స్ మినీ 12: ఏడాది పైన వాడాక

మా అక్క కూతురి పుట్టినరోజుకి ఫుజీఫిల్మ్ ఇన్‌స్టాక్స్ మినీ 12, అంటే ఫొటో తీయగానే కాగితం మీద చేతికొచ్చే కెమెరా, ఇచ్చి ఏడాది దాటింది, ఇప్పటికీ వాడుతోంది. ఆ పిల్ల సంగతి తెలిసినవాళ్ళకి ఈ ఒక్క ముక్క చాలు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: ఏం కావాలే అంటే "ఏం వద్దు పిన్నీ" అంటుంది, సరే అని మనకి తోచింది తెస్తే "బావుంది" అంటుంది, ఆ అనే తీరులోనే అది రేపట్నుంచి బీరువా అడుగున ఉండబోతోందని మనకి అర్థమైపోతుంది. డ్రెస్ తెస్తే రంగు ఇంకోటి అయితే బావుండేదట. ఇయర్‌ఫోన్స్ తెస్తే పాతవే నయమట. ఎవరో పాపం మేకప్ కిట్ ఇచ్చారు, దాన్ని విప్పకుండానే ఇంకెవరికో ఇచ్చేసింది.

14, 15 ఏళ్ళ ఆడపిల్లలకి గిఫ్ట్ కొనడంలో ఉన్న చిక్కేంటంటే, మనం ఇచ్చే ప్రతి వస్తువూ "నువ్వు ఇలాంటిదానివి అని నేను అనుకుంటున్నా" అని చెప్తుంది. డ్రెస్సు, చెవి రింగులు, గోడకి తగిలించే బొమ్మలు, అన్నీ అంతే. వాళ్ళకి ఆ వయసులో ఒళ్ళు మండేది సరిగ్గా అక్కడే. పోయినేడాది ఇష్టపడ్డ రంగు ఈ ఏడాది చిన్నపిల్లల రంగు అయిపోతుంది, ఆ మారిన సంగతి మనకి ఎవరూ చెప్పరు. అందుకని ఒంటి మీద వేసుకునేవి, గదిలో పెట్టుకునేవి వదిలేసి, దాంతో తను ఏదైనా చేసుకునే వస్తువు చూద్దామనుకున్నా. డబ్బులిచ్చేస్తే పోలేదా అంటారు కొందరు. ఇవ్వొచ్చు, తప్పులేదు, కానీ పిన్ని ఏమిచ్చింది అంటే చెప్పుకోడానికి ఏమీ ఉండదు.

ఏం కావాలి అని అడగడం మానేసి తను ఏం దాచుకుంటోందో చూడటం మొదలుపెట్టాక పని తేలికైంది. ఫోన్ వెనక పారదర్శకంగా ఉండే కవర్ ఉంటుంది కదా, అందులో ఓ స్నేహితురాలు ఇచ్చిన చిన్న ఫొటో పెట్టుకుని తిరుగుతోంది. ఫోన్‌లో వేల ఫొటోలు ఉన్న పిల్ల, ఆ ఒక్క కాగితం ముక్కని నెలలుగా మార్చకుండా ఉంచింది. అది ఇన్‌స్టాక్స్ మినీ ప్రింటే. కొలత 86 బై 54 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఏటీఎం కార్డు అంత, అందుకే ఫోన్ కవర్లోనూ పర్సులోనూ సరిగ్గా పడుతుంది. అందులో అసలు బొమ్మ 62 బై 46 మాత్రమే, మిగతాది తెల్ల అంచు.

రంగు దగ్గర మాత్రం టెన్షన్ పడ్డాను. ఇది 2023లో వచ్చినప్పుడు లేత గులాబీ, లేత నీలం, లేత ఆకుపచ్చ, లావెండర్ లాంటి ఊదా, ఇంకా మట్టి ఛాయ ఉన్న తెలుపు, ఇలా 5 రంగుల్లో వచ్చింది. నేను తెలుపు తీసుకున్నా. అమ్మాయి కదా అని కళ్ళు మూసుకుని గులాబీ తీసుకోకండి, సరిగ్గా అందుకే తిప్పికొట్టే పిల్లలు ఉంటారు. తెలుపైతే నచ్చినట్టు స్టిక్కర్లు అంటించుకోవచ్చు. ఎందుకైనా మంచిది, బిల్లు పారేయకుండా పెట్టెలోనే పెట్టి ఇవ్వండి, మార్చుకోవాలంటే మిమ్మల్ని అడగాల్సిన మొహమాటం వాళ్ళకి ఉండదు.

ఇచ్చిన రోజు ఏం జరిగిందో కూడా చెప్పాలి, లేకపోతే మీరు నిరుత్సాహపడతారు. పెద్దగా ఏం జరగలేదు. "ఓ, కెమెరానా, థాంక్స్ పిన్నీ" అని టేబుల్ మీద పెట్టింది. ఈ వయసు పిల్లల మొహం చూసి గిఫ్ట్ నచ్చిందో లేదో తేల్చకూడదని నా అభిప్రాయం, నలుగురిలో సంబరపడటం వాళ్ళకి నామోషీ. అందరూ వెళ్ళిపోయాక "పిన్నీ, దీనికి ఫిల్మ్ ఎక్కడ పెట్టాలి" అని వచ్చింది. ఫిల్మ్ విడిగా కొని ఉంచాను కాబట్టి సరిపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి, కెమెరా పెట్టెలో మామూలుగా ఫిల్మ్ ఉండదు, ఫిల్మ్ లేకుండా ఇస్తే ఆ రోజుకి అది బొమ్మ తుపాకీతో సమానం. కొన్నిచోట్ల కలిపి కట్టిన సెట్లు దొరుకుతాయి, పెట్టె మీద చదివి తీసుకోండి.

వాడటం చాలా సులువు. లెన్స్ చుట్టూ ఉన్న రింగ్ ఒకసారి తిప్పితే ఆన్, ఇంకోసారి తిప్పితే దగ్గరి ఫొటోలకి, అంటే 30 నుంచి 50 సెంటీమీటర్ల దూరానికి. వెలుతురు సంగతి అదే చూసుకుంటుంది. లెన్స్ పక్కన చిన్న అద్దం ఉంది, సెల్ఫీకి అందులో చూసుకోవాలి. రెండు డబుల్ ఏ ఆల్కలైన్ బ్యాటరీలు, గోడ గడియారంలో వేసే సైజువి. వాటితో 10 ప్యాకుల ఫిల్మ్ తీయొచ్చని కంపెనీ చెప్తుంది. ఒక్కో ప్యాకులో 10 ఫొటోలు, అంటే సుమారు 100. మా వాడకంలో బ్యాటరీ గురించి ఆలోచించాల్సి రాలేదు. వదిలేస్తే 5 నిమిషాలకి తనే ఆగిపోతుంది.

నొక్కగానే పైనుంచి తెల్లటి కాగితం బయటికొస్తుంది, బొమ్మ పూర్తిగా తేలడానికి నిమిషంన్నర పడుతుంది. కింద అంచు వెడల్పుగా ఎందుకుంటుందో నాకు మొదట్నుంచీ అనుమానమే, తర్వాత తెలిసింది, కడిగే రసాయనం చిన్న సంచిలా అందులోనే ఉంటుందట, బయటికొచ్చేటప్పుడు లోపలి రోలర్లు దాన్ని నొక్కి ఫొటో అంతా పరుస్తాయి. అందుకే ఊపకూడదు, వంచకూడదు. అందరూ ఊపుతారు, తనూ ఊపేది, చెప్తే వినలేదు, ఫిల్మ్ ప్యాకు మీద చదివాక మానేసింది. మనం చెప్తే కాదుగా.

ఇంకో సంగతి. అప్పటికప్పుడు ఫొటో చేతికొచ్చే కెమెరా అనే ఆలోచనే ఒక ఆడపిల్ల పేచీలోంచి వచ్చిందంటారు. పోలరాయిడ్ కంపెనీ స్థాపించిన ఎడ్విన్ ల్యాండ్‌ని, 1943లో ఆయన 3 ఏళ్ళ కూతురు, ఇప్పుడు తీసిన ఫొటో ఇప్పుడే ఎందుకు కనపడదు అని అడిగిందట. 1947లో ఆయన అలాంటిది చేసి చూపించాడు, 1948లో అమ్మకానికి వచ్చింది. ఇన్‌స్టాక్స్ మాత్రం చాలా తర్వాతిది, 1998లో మొదలైంది.

ఇక నాకు నచ్చిన అసలు విషయం. ఫోన్‌లో ఒకే సెల్ఫీ పాతికసార్లు తీసి, అన్నీ జూమ్ చేసి, ముక్కు ఇలా ఉంది, బుగ్గ అలా ఉంది అని తుడిపేసే పిల్ల ఇది. ఈ కెమెరాలో తుడపడం లేదు. కళ్ళు మూసుకుంటే మూసుకున్న ఫొటోనే చేతికొస్తుంది. మొదట్లో అలాంటివి వస్తే ఉడికిపోయేది, ఫిల్మ్ వేస్ట్ అని మొహం మాడ్చుకునేది. మెల్లిగా ఏమైందంటే, బాగా రానివే స్నేహితురాళ్ళు ఎగబడి అడిగి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. ఇప్పుడు తన తలుపు లోపలివైపు అంటించినవాటిలో సగం వంకరగా వచ్చినవే. అన్నిటికీ వంక పెట్టే పిల్ల వంక ఉన్నదాన్ని అంటించుకోవడం నేనైతే చూస్తాననుకోలేదు.

అలాగని రోజూ వాడుతుందని అనుకోకండి. కొత్తలో ఓ ఊపు ఊపింది, పరీక్షలప్పుడు అసలు ముట్టుకోలేదు, మా అక్క "చూశావా, ఇదీ పోయింది" అంది కూడా. తర్వాత స్నేహితురాళ్ళతో ఎక్కడికైనా వెళ్తే తీసుకెళ్ళడం, క్లాసు చివరి రోజున ఒక ప్యాకు అంతా ఖర్చు పెట్టడం, అలా సందర్భాలకి స్థిరపడింది. తెల్ల అంచు మీద తేదీ, ఏదో ఒక మాట రాసుకుంటుంది. మామూలు బాల్ పెన్ను దాని మీద సరిగ్గా పడదు, జెల్ పెన్ను చెరిగిపోతుంది, సన్న మొన ఉన్న పర్మనెంట్ మార్కర్ కావాలి. కెమెరాతో పాటు ఒకటి పెట్టి ఇవ్వండి, దానికే ఎక్కువ సంతోషిస్తారేమో కూడా.

లోటుపాట్లు చాలానే ఉన్నాయి, దాచను. ఫ్లాష్ ప్రతిసారీ వెలుగుతుంది, ఆపే వీలు లేదు. అది పనిచేసేది సుమారు 2 మీటర్ల వరకే, కాబట్టి రాత్రిపూట ఆరుబయట దూరంగా నిలబడ్డవాళ్ళు చీకట్లో కలిసిపోతారు. టైమర్ లేదు, ట్రైపాడ్‌కి బిగించే చోటూ లేదు, అంటే గ్రూప్ ఫొటో కావాలంటే ఎవరో ఒకరు బయట ఉండాల్సిందే, చెయ్యి చాపి తీస్తే ముగ్గురికి మించి పట్టరు. దగ్గరి మోడ్ పెట్టడం మర్చిపోయి దగ్గరగా తీస్తే మసకే. మెమరీ కార్డు లాంటిదేం లేదు, ప్రతి ఫొటోకీ ఒకే ఒక్క కాపీ. నలుగురు కలిసి దిగిన ఫొటో ఎవరి దగ్గర ఉండాలన్నదాని మీద మాటామాటా కూడా అయ్యాయి. ఇప్పుడు ప్రింట్‌ని మళ్ళీ ఫోన్‌తో ఫొటో తీసి పంపుకుంటున్నారు, అది చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఫిల్మ్ అయిపోకుండా వెనక తలుపు తీయకూడదు. వాళ్ళ తమ్ముడు లోపల ఏముందో చూద్దామని తీశాడు, లోపలున్నవాటికి వెలుతురు తగిలి కొన్ని తెల్లగా పాడైపోయాయి, ఆ తర్వాత జరిగిన యుద్ధం గురించి రాయను. విమానంలో వెళ్తే ఫిల్మ్‌ని చెకిన్ సామానులో వేయొద్దు, ఎక్స్‌రే వల్ల పాడవుతుంది, చేతిలో ఉంచుకుని విడిగా చూడమని అడగాలి. ఎండలో కారులో వదిలేయడం కూడా వద్దు. గోడకి అంటించిన ప్రింట్ల మీద నేరుగా ఎండ పడితే రంగు వెలిసిపోతుంది.

అన్నిటికంటే పెద్ద విషయం ఫిల్మ్ ఖర్చు. కెమెరా ఒక్కసారి కొంటాం, ఫిల్మ్ ఎప్పటికీ కొంటూనే ఉండాలి. ఇచ్చేముందు పిల్ల అమ్మానాన్నలతో మాట్లాడండి, లేకపోతే మీరు గిఫ్ట్ ఇచ్చి వాళ్ళ నెత్తిన ఖర్చు పెట్టినట్టే. మా ఇంట్లో ఫిల్మ్ నా వంతు, ఏదైనా సందర్భం వస్తే రెండు ప్యాకులు ఇస్తాను, మధ్యలో కావాలంటే తన పాకెట్ మనీలోంచి. తన డబ్బు పడ్డాక ఒక్కో ఫొటోకి ముందు ఆలోచిస్తోంది. నాకు దీంట్లో స్వార్థం కూడా ఉంది, ఇకపై ఏం కొనాలా అని బుర్ర బద్దలు కొట్టుకునే పని లేదు. ప్యాకు మీద గడువు తేదీ ఉంటుంది, చవగ్గా వచ్చాయని గుట్టలుగా కొనిపెట్టుకోకండి.

ఇది ఎవరికి వద్దంటే, ఫొటో నాణ్యత పట్టించుకునే అమ్మాయికి, ఎడిటింగ్ అంటే ఇష్టపడే అమ్మాయికి వద్దు. అలాంటివాళ్ళకి ఇదే ఫిల్మ్‌తో ఫోన్‌లోంచి ప్రింట్ చేసే మినీ లింక్ ప్రింటర్లు ఉన్నాయి, నచ్చింది ఎంచుకుని ప్రింట్ చేసుకోవచ్చు, ఫిల్మ్ వృథా తక్కువ. స్క్రీన్ మీద చూసి ఎంచుకునే మినీ ఎవో అనే రకం 2021 నుంచి ఉంది, దాని ధర ఎక్కువ. మావాళ్ళ ఇంట్లో ఇంకో పిల్ల దగ్గర ప్రింటర్ ఉంది, బానే ఉంది, కానీ ఏ ఫొటో ప్రింట్ చేయాలో తేల్చుకోలేక అది ఎక్కువగా డ్రాయర్లోనే ఉంటోంది. ఎంచుకోవడమే జబ్బుగా ఉన్న పిల్లలకి ఎంచుకునే వీలు లేని మామూలు మినీనే నయమనిపించింది. ఇప్పటికే వాళ్ళ దగ్గర ఒకటి ఉందేమో మాత్రం స్నేహితురాళ్ళ ద్వారా ముందే కనుక్కోండి, ఉంటే ఫిల్మ్, మార్కర్ కలిపి ఇచ్చేయండి.