ఏకపాత్ర నాటకానికి రవీంద్రభారతా, లామకానా?

ఒక్కరే నటించే నాటకం సిద్ధమయ్యాక మొదటి టెన్షన్ హాలుదే. హైదరాబాద్‌లోని రవీంద్రభారతి 1961 నాటిది, ఠాగూర్ శతజయంతికి కట్టింది. ఆహ్వానపత్రిక మీద ఆ పేరుంటే స్పాన్సర్ దగ్గర మాట చెల్లుతుంది. కానీ అద్దె, లైట్లు, సౌండ్ అన్నీ కలిపితే స్పాన్సర్ లేకుండా అడుగు పడదు. పైగా అంత పెద్ద హాల్లో వందమంది కూర్చుంటే స్టేజీ మీంచి ఖాళీ కుర్చీలే కనిపిస్తాయి.

బంజారాహిల్స్‌లోని లామకాన్ 2010లో మొదలైంది. ఒకప్పుడు అది ఇల్లు. పక్కనే పెద్ద బండరాయి, ఆరుబయట వేదిక, చాయ్, సమోసా. చూసేవాళ్లు ఎంత దగ్గరగా ఉంటారంటే కనురెప్ప వాలినా తెలిసిపోతుంది. ఏకపాత్రకు ఇంతకన్నా ఏం కావాలి! వాన కబురుంటే మాత్రం గుండె దడే.

ఇక్కడికి స్పాన్సర్‌గా పెద్ద కంపెనీ అక్కర్లేదు. పోస్టర్లు వేసిపెట్టమని ప్రెస్సువాళ్లను, లైట్లు ఇమ్మని తెలిసిన పెళ్లి డెకరేషన్ అన్నను అడిగినా గడుస్తుంది. డబ్బు అడిగితే తటపటాయించేవాళ్లు పని అడిగితే ముందుకొస్తారు.

నేనైతే ముందు లామకాన్‌లో నాలుగు ప్రదర్శనలు వేస్తాను. జనం నవ్వులు, నిశ్శబ్దం వినిపించేలా ఒకటి వీడియో తీయిస్తాను. “ఎంతమంది వస్తారు?” అని స్పాన్సర్ అడిగినప్పుడు ఫోన్ ఆయన చేతిలో పెట్టి, రవీంద్రభారతి తేదీ అప్పుడు మాట్లాడతాను.