డెలివరీ తర్వాత పొట్ట తగ్గించే కిట్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి, నాకు 6,499 పోయాయి

ఫోన్ తెరిస్తే చాలు, "45 రోజుల్లో మీ పాత నడుము మీకే" అంటూ ఒక ప్రకటన వస్తోంది కదా. ఒక బెల్టు, ఒక పౌడర్ డబ్బా, ఒక నూనె సీసా, పక్కన నవ్వుతూ ఒక అమ్మాయి. అదే నేను కొన్నాను. అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది, పైగా అచ్చం అలాంటి డబ్బాలే వేరే వేరే పేర్లతో తిరుగుతున్నాయి. పేరు కంటే వాళ్ళ పద్ధతి గుర్తుపెట్టుకుంటే మేలు.

మాది శ్రీకాకుళం, డే అండ్ నైట్ జంక్షన్‌కి దగ్గర్లో అద్దె ఇల్లు. పాప జనవరిలో పుట్టింది, ఆపరేషన్. పురుడు నరసన్నపేటలో అమ్మావాళ్ళింట్లో జరిగింది. మూడో నెల దాటాక ఇక్కడికి వచ్చేశాను. మా ఆయన పొద్దున్నే ఆమదాలవలస వెళ్ళి విశాఖ రైలెక్కితే మళ్ళీ రాత్రికే ఇల్లు చేరతారు. పగలంతా నేను, పాప, మా అత్తయ్య.

అప్పటికి నా పరిస్థితి ఏమిటంటే, మేడ మెట్లు ఎక్కితే ఆయాసం. తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు. తుమ్మినా గట్టిగా నవ్వినా బట్టలు తడిసేవి, ఎవరికి చెప్పుకోవాలో తెలీదు. జూన్‌లో మళ్ళీ స్కూల్లో పాఠాలకి వెళ్ళాలి, పాత జాకెట్లు ఒక్కటీ పట్టడం లేదు. ఇవన్నీ ఎలాగో ఓర్చుకుంటున్నాను గానీ, ఒకరోజు కూరగాయల బండి దగ్గర తెలిసినావిడ నా పొట్ట వైపు చూసి "మల్లీ ఏటమ్మా, అప్పుడే రెండోదా?" అంది. ఆ రాత్రి రెండింటికి పాపకి పాలిస్తూ, ఖాళీగా ఉన్న చేత్తో ఆ ప్రకటన నొక్కేశాను.

నొక్కగానే ప్రశ్నలు. ఎత్తు ఎంత, బరువు ఎంత, నడుం కొలత ఎంత, ఎన్ని రోజుల్లో తగ్గాలి. అడిగినవన్నీ కొలతలే. నార్మలా ఆపరేషనా అని అడగలేదు, పాలిస్తున్నావా అని అడగలేదు, బీపీ ఉందా, రక్తం ఎంత ఉంది, ఏదీ లేదు. అప్పుడే అర్థం కావాల్సింది. 12,999 కొట్టేసి 6,499 అని, కింద పదిహేను నిమిషాల గడియారం వెనక్కి తిరుగుతోంది. (మర్నాడు చూస్తే అదే గడియారం మళ్ళీ పదిహేను నుంచి మొదలైంది.) పార్శిల్ వచ్చాక డబ్బు ఇచ్చే వీలు లేదు, ముందే ఫోన్‌లో కట్టాలి. కట్టేటప్పుడు తెర మీద కంపెనీ పేరు కాదు, ఎవరో ఒక మనిషి పేరు కనిపించింది. నిద్రమత్తులో అదీ పట్టించుకోలేదు.

ఆరో రోజు పార్శిల్ వచ్చింది. వాట్సాప్‌లో ఒక "కోచ్ మేడమ్" తగిలింది. రోజుకి పన్నెండు గంటలు బెల్టు, పొద్దున్నా రాత్రీ పౌడర్, రాత్రి అన్నం బంద్, రోజూ యాభై సిటప్స్ చేస్తూ వీడియో పంపాలి. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నానంటే "మా పౌడర్‌లోనే ఐరన్ ఉంది మేడమ్, మాత్రలు వేడి చేస్తాయి, ఆపేయండి" అంది. నేను ఆపేశాను. వాటితో మలబద్ధకంగా ఉండేది, ఆపమని ఎవరైనా అంటే బాగుణ్ణని ఉంది నాకు. ఆవిడ అనేసింది.

మే నెల శ్రీకాకుళం ఉక్కపోత తెలిసిందే. బెల్టు కింద కుట్ల దగ్గర ఎర్రగా ఒరిసిపోయింది. పౌడర్ మొదలెట్టిన మూడో రోజు నుంచి విరోచనాలు, రోజుకి నాలుగైదు సార్లు. మెసేజ్ పెడితే "టాక్సిన్స్ బయటికి పోతున్నాయి, మంచి సూచన" అని జవాబు, పక్కన మూడు చప్పట్లు. రెండు వారాల్లో మూడు కిలోలు తగ్గాను. అది చూసి మురిసిపోయాను కూడా, అబద్ధం ఎందుకు. మరోపక్క పాలు తగ్గుతున్నాయి, పాప రొమ్ము వదిలి ఏడుస్తోంది. ఎండల వల్లేమో అనుకున్నాం. అత్తయ్య బజారుకెళ్ళి పాలసొర తెచ్చి పుట్టు చేశారు, వెల్లుల్లి కారం కొట్టారు. ఇంట్లో ఒకరు పాలు పడాలని వండుతుంటే, నేను తలుపు వేసుకుని పాలు ఎండిపోయే పౌడర్ కలుపుకుంటున్నాను.

మే మూడో వారంలో మా వార్డు సచివాలయం ఏఎన్ఎమ్ (నర్సమ్మ) పాప బరువు చూడ్డానికి ఇంటికొచ్చింది. నెలలో 150 గ్రాములే పెరిగింది. ఆమె ముఖం మారిపోయింది. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల పరీక్షలు, టీకాలు రాసే కార్డు) తెమ్మంది. మీ ఇంట్లోనూ ఉంటుంది, ఒకసారి తీసి చూడండి. పాప పేజీలు నిండుగా ఉన్నాయి: పుట్టినప్పటి టీకాలు, నెలన్నర టీకా, రెండున్నర నెలలది, మూడున్నర నెలలది, అన్నిటికీ తేదీలు, బరువులు. వెనక్కి తిప్పితే నా పేజీ. కాన్పు తేదీ దాకా బీపీ, బరువు, రక్తం రాసి ఉన్నాయి. ఆ తర్వాత ప్రసవానంతర పరీక్షల గళ్ళు తెల్లగా ఉన్నాయి. ఒక్కటంటే ఒక్క అంకె లేదు.

"పిల్లది సరేనమ్మా, నీదేటి?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నెలన్నర టీకాకి పాపని ఎత్తుకుని వెళ్ళింది నేనే. అక్కడ గంటన్నర కూర్చున్నాను. నాకూ ఒకసారి బీపీ చూడండి అని నోరు తెరిచి అడగలేదు, వాళ్ళూ నన్ను పిలవలేదు. తల్లిని కాన్పయిన మొదటి రోజు, తర్వాత రెండు మూడు రోజుల్లో, ఒకటి రెండు వారాల మధ్య, మళ్ళీ ఆరో వారంలో చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. కుట్లు విప్పాక నన్ను ఎవరూ చూడలేదు, నేనూ చూపించుకోలేదు. ఆ ఖాళీ గళ్ళలోకే ఈ బెల్టువాళ్ళు దూరారు.

మర్నాడు హెల్త్ సెంటర్‌కి వెళ్తే రక్తం (హిమోగ్లోబిన్) 8.6. పన్నెండు ఉండాలి. డాక్టరమ్మ ముందు పౌడర్ డబ్బా తెమ్మన్నారు. వెనకాల చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదివాం. రెండో పేరే సెన్నా. అంటే సునాముఖి. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య నెత్తి కొట్టుకున్నారు: "సునాముకా? మా అయ్య కడుపు కడగడానికి ఏడాదికోసారి ఇచ్చీవోడు. నువ్వు రోజుకి రెండుసార్లు తాగుతున్నావే?" ఐరన్ ఎంత ఉందో డబ్బా మీద ఎక్కడా లేదు. నేను తగ్గిన మూడు కిలోల్లో చాలావరకు నీళ్ళేనని డాక్టరమ్మ అన్నారు.

ఐరన్ మళ్ళీ మొదలైంది. ప్రభుత్వం ఇచ్చే ఆ ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కాన్పయ్యాక 180 రోజులు రోజుకొకటి అందరూ వేసుకోవాల్సిందే, ఉచితం. నాకు రక్తం తక్కువని రోజుకి రెండు రాశారు. టీకి దగ్గర్లో వేసుకోకూడదట, కాల్షియం మాత్రతో కలిపి మింగకూడదట, నిమ్మరసమో జామకాయో తోడుంటే బాగా ఒంటబడుతుందట. ఆ మాత్రలకి మలం నల్లగా వస్తే కంగారు పడక్కర్లేదు. ఈ నాలుగు ముక్కలు మొదటి రోజే ఎవరైనా చెప్పుంటే నేను ఆ కోచ్ మాట వినేదాన్ని కాదేమో. థైరాయిడ్ కూడా చూపించాను, బయట ల్యాబ్‌లో 250 తీసుకున్నారు, బాగానే ఉంది. కాన్పయిన ఏడాదిలోపు థైరాయిడ్ తేడా చేసే అవకాశం ఉందట, అందుకే చూడమన్నారు. నా జుట్టు సంగతి మాత్రం మూడు నాలుగు నెలలకి అందరికీ ఊడేదేనట. మా తోడికోడలికి కడుపుతో ఉన్నప్పుడు సుగర్ వచ్చింది. అలాంటివాళ్ళు 6 నుంచి 12 వారాల్లోపు గ్లూకోజ్ నీళ్ళు తాగి చేసే పరీక్ష మళ్ళీ చేయించుకోవాలి. ఆమెకి బాబు పుట్టి రెండేళ్ళు, ఈ మాట ఇప్పుడు నా నోట వింది.

ఇక పొట్ట. ఫిజియోథెరపిస్టు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిపించి, తల కాస్త ఎత్తమంది. బొడ్డు పైన నా చేతి వేళ్ళే పెట్టించింది. మధ్యలో మూడు వేళ్ళు లోపలికి దిగాయి, రెండు పక్కలా కండ గట్టు కట్టినట్టు తగిలింది. కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు ముందువైపు కండరాలు రెండూ ఎడం అవుతాయి, కొందరిలో కాన్పయ్యాక కూడా దగ్గరకి రావు. అది కొవ్వు కాదు, పస్తులుంటే పోదు. నేను పడుకుని లేచేటప్పుడు పొట్ట మధ్యలో గోపురంలా పొడుచుకొచ్చేది, కారణం ఇదే. సిటప్స్ చేస్తే ఆ ఎడం ఇంకా సాగే ప్రమాదం ఉందట, నేను రోజుకి యాభై చేశాను. బెల్టు బిగించి కడితే లోపలి ఒత్తిడి కిందకి దిగుతుంది, అసలే వదులైన మూత్రం దగ్గరి కండరాల మీద పడుతుంది. తుమ్మితే తడవడం ఆ మూడు వారాల్లో ఎందుకు ఎక్కువైందో అప్పుడు తెలిసింది.

బెల్టులన్నీ చెడ్డవని కాదు. ఆపరేషనయ్యాక నడవడానికి ఆసరాగా కొన్నాళ్ళు పెట్టుకోమని డాక్టర్లే చెబుతారు. మా అమ్మ పాత నేత చీరతో నడికట్టు కట్టింది, నడుంనొప్పికి హాయిగా ఉండేది, ఊపిరి ఆడేది. అది పొట్ట కరిగిస్తుందని ఆవిడ ఎప్పుడూ అనలేదు, 6,499 అడగనూ లేదు.

ఇప్పుడు నేను చేస్తున్నది చూస్తే నవ్వొస్తుంది. ఊపిరి వదులుతూ పొట్ట లోపలికి లాగడం, పడుకుని మడమ నేల మీద జార్చడం, మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలు బిగించి ఐదు లెక్కపెట్టి వదలడం, విడతకి పది, రోజుకి మూడు విడతలు. మంచం మీంచి లేచేటప్పుడు పక్కకి ఒత్తిగిల్లి లేవడం. ఫిజియోథెరపిస్టు దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళాను, సారికి 300. మూడు వేళ్ళ ఎడం ఇప్పుడు ఒకటిన్నరకి వచ్చింది. తుమ్ములకి భయం లేదు. పాప బరువు కూడా పౌడర్ మానిన నెలకే దారిలో పడింది. రాత్రి అన్నం తింటున్నాను, పొద్దున చోడి (రాగి) అంబలి.

డబ్బు సంగతి. వాపసు అడిగితే "తెరిచిన ప్యాక్ తీసుకోం" అన్నారు. తర్వాత "మీరు డైట్ సరిగ్గా పాటించలేదు" అన్నారు. వాళ్ళ పేజీలో జరిగింది రాస్తే పది నిమిషాల్లో తీసేశారు, ఇంకోసారి రాస్తే బ్లాక్. అప్పుడు డబ్బా బుద్ధిగా చూశాను. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) లైసెన్స్ నంబర్‌కి 14 అంకెలుండాలి, లెక్కపెడితే 12 ఉన్నాయి. తయారీదారు చిరునామాలో ఊరు ఉంది, వీధి లేదు. ఊబకాయం తగ్గిస్తామని మందుకి ప్రకటన ఇవ్వడమే మందుల ప్రకటనల మీద ఉన్న 1954 చట్టం ప్రకారం నేరం. అందుకే కాబోలు, ప్రకటనలో మందులా మాట్లాడి డబ్బా మీద మాత్రం ఆహారం అని వేసుకున్నారు. మీరు ఏది కొన్నా ముందు ఆ 14 అంకెల్ని ఎఫ్ఎస్ఎస్ఏఐ సైట్‌లో కొట్టి చూడండి, రెండు నిమిషాల పని.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. ఇరవై రోజులకి అమ్మినవాళ్ళ దగ్గర్నుంచి కొత్త నంబర్‌తో మెసేజ్: రాసినవన్నీ తీసేస్తే సగం ఇస్తారట. ఒప్పుకోలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తున్నాను. అమ్మినవాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, రెండేళ్ళ గడువుంది. కట్టిన రసీదు, వాట్సాప్ మాటలు, డబ్బా ఫొటోలు తుడిచేయకండి. మాత్రలు ఆపమన్న ఆ మెసేజే ఇప్పుడు నా ప్రధాన సాక్ష్యం.

ఇంకొకటి, ఇది కిట్లకి సంబంధం లేనిది. గంటలో ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం, కళ్ళు మసకబారే తలనొప్పి, ఒక కాలి పిక్క వాచి నొప్పి, చలిజ్వరం, ఇవి బాలింతకి వస్తే కషాయాలు కాస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. ఊరికే ఏడుపొస్తూ, పాపని చూడబుద్ధి కాకుండా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 ఉంది, పగలూ రాత్రీ ఎత్తుతారు. నేను ఒకసారి చేశాను. ఎందుకు చేశానో ఇక్కడ రాయను.

పోయిన వారం ఏఎన్ఎమ్ మళ్ళీ వచ్చింది. నా రక్తం 10.9. నా పేజీలో గళ్ళు దాటిపోయాయని పక్క అంచులో పెన్నుతో రాసింది. బెల్టు సాక్ష్యం కదా, పారేయొద్దని మా ఆయన అన్నారు. అత్తయ్య దాన్ని అటక మీద పరుపుచుట్టకి బిగించి కట్టారు. కమిషన్‌వాళ్ళు అడిగితే విప్పి పట్టుకెళ్ళాలి.