కాలు వాచింది: సెల్యులైటిసా, అంతకంటే పెద్దదా?

మిర్యాలగూడ, హాలియా వైపు సాగర్ ఎడమ కాలువ కింద నాట్లేసేటప్పుడు కాలికి ముల్లు దిగడం మామూలే. షుగర్ లేని గట్టి మనిషికైనా ఆ గాయంలోంచి బ్యాక్టీరియా లోపలికి పోవచ్చు. ఎక్కువగా వచ్చేది సెల్యులైటిస్: చర్మం ఎర్రబడి, వాచి, వేడిగా ఉంటుంది. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా తెలియదు, తాకి చూడాలి. యాంటీబయాటిక్స్ వాడుతూ కాలు ఎత్తులో పెట్టుకుంటే మామూలుగా రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది.

చర్మం కింది కండను కుళ్లబెట్టే నెక్రోటైజింగ్ ఫాసియైటిస్ అనే ఇన్ఫెక్షన్ అరుదు. టెన్షన్ పడాల్సింది మాత్రం దీనికే. ఇది కండరాల మీది పొర వెంట పాకుతుంది కాబట్టి మొదట్లో పైకి పెద్దగా ఏమీ కనబడకపోవచ్చు, నొప్పి మాత్రం భరించలేనంత. ఆ తేడానే పట్టుకోవాలి. గంటల్లో వాపు పెరగడం, చర్మం ఊదారంగుకు తిరగడం, బొబ్బలు, స్పర్శ పోవడం ఆ తర్వాతివి. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఆరోగ్యవంతులకూ దీన్ని తెస్తుంది. చెరువు నీళ్లలో ఉండే ఏరోమోనాస్ బ్యాక్టీరియా కూడా తేగలదు. యాంటీబయాటిక్స్ ఒక్కటే చాలవు, చచ్చిన కండను వెంటనే ఆపరేషన్ చేసి తీసేయాలి.

ఊళ్లో నొప్పి సూది వేయించుకుని పడుకోవడం నాకస్సలు నచ్చదు, అది ఆ ఒక్క గుర్తునూ కప్పేస్తుంది. వాపు అంచున పెన్నుతో గీత గీసి టైమ్ రాయండి. గంటల్లోనే గీత దాటినా, నొప్పి మితిమీరినా రాత్రయినా సరే సర్జన్ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి.