డల్కమారా: తీగ ఉంచాలా, ఒపెరా చూడాలా?

యూరప్, అమెరికాల్లో కంచెల మీద పాకే ఊదా పూల తీగ ఇది. లాటిన్ మాటలతో కట్టిన పేరులోనే తీపి, చేదు రెండూ ఉన్నాయి. 1832లో మిలాన్‌లో మొదటిసారి ఆడిన ఇటలీ స్వరకర్త దొనిజెత్తి కామెడీ ఒపెరా (పాటలతోనే నడిచే నాటకం) ‘లెలిజిర్ దామోరే’లో ఊరూరా తిరిగే దొంగ వైద్యుడి పేరూ ఇదే.

ఖర్చు: తీగ ఉచితం, విత్తనాలు పిట్టలే తెచ్చి పడేస్తాయి. ఒపెరాకి టికెట్ కొనాలి.

శ్రమ: తీగని పీకినా వేరుముక్క మిగిలితే మళ్లీ లేస్తుంది. ఒపెరాకి రెండు గంటలు కూర్చుంటే చాలు, ఇటాలియన్ రాకపోయినా సబ్‌టైటిల్స్ ఉంటాయి.

రిస్క్: ఒకే గుత్తిలో పచ్చవి, నారింజవి, ఎర్రవి కాయలు నిగనిగలాడుతూ పిల్లల్ని పిలుస్తాయి, కానీ విషం. మన కామంచికి చుట్టమే, కాకపోతే కామంచి పండితే నలుపు. ఒపెరాలో దెబ్బ జేబుకే: కథానాయకుడు నెమొరీనో డల్కమారా దగ్గర ప్రేమ మందు అనుకుని కొన్నది ఉత్త బోర్డో వైన్, పైగా పనిచేయడానికి ఒక రోజు పడుతుందంటాడు డాక్టరు, ఆలోపు ఊరు దాటేయొచ్చని! సంతలో మందులమ్మేవాళ్లని చూసిన మనకి వీడేం కొత్త?

పిల్లలో కుక్కో తిరిగే పెరడైతే గ్లౌజులు వేసుకుని పీకేయండి. యూరప్‌లో ఎవరూ తిరగని కంచె మీదైతే పిట్టలకి వదిలేయొచ్చు. ఒపెరా అంటేనే భయపడేవాళ్లు మాత్రం దీంతోనే మొదలుపెట్టండి.