దూర ప్రయాణానికి ముందు పాత కారు కూలింగ్: అన్నీ మార్చేయాలా, చెక్ చేయించి వెళ్లాలా?

కారు లక్షన్నర కిలోమీటర్లు దాటేసింది. వచ్చే నెల ఇంటిల్లిపాదీ కలిసి దూర ప్రయాణం. ఇంజిన్ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా వేడెక్కలేదు. ఇలాంటప్పుడు చాలామంది మూడు దారుల మధ్య ఊగుతుంటారు. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మార్చేసి బయల్దేరడం ఒకటి, అంతా చెక్ చేయించి అనుమానం ఉన్నవే మార్చడం రెండోది, రేడియేటర్ నుంచి వాటర్ పంప్ దాకా అన్నీ కొత్తవి వేయించేయడం మూడోది. వేర్వేరు కార్ల మీద మూడూ చేసి చూశాను. నా ఓటు రెండో దానికే. కాకపోతే పని ఏదైనా సరే, ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే అయిపోవాలి.

ఆ రెండు వారాల మాట ఊరికే అనడం లేదు. ఒకసారి బయల్దేరే ముందురోజు సాయంత్రం థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచి మూసే వాల్వు), పై హోస్ (రేడియేటర్ పై వైపు రబ్బరు పైపు), కూలెంట్ మార్పించాను. వేసినవన్నీ మంచి పార్టులే. తెల్లవారుజామున బయల్దేరి రెండు గంటలు నడిపానో లేదో, ఎప్పుడూ మధ్యలో ఉండే టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి పాకడం మొదలుపెట్టింది. పక్కకు తీసి ఆపి బోనెట్ ఎత్తితే కారు కింద చుక్క తడి లేదు, కానీ ట్యాంకులో కూలెంట్ అడుగుకు పోయింది. నింపేటప్పుడు లోపల గాలి ఉండిపోయింది, అది కొద్దికొద్దిగా బయటికి వచ్చేసరికి ఆ ఖాళీలోకి కూలెంట్ దిగిపోయింది. ఇంజిన్ చల్లారేదాకా పిల్లలతో రోడ్డు పక్కన చెట్టు నీడన గంటకు పైగా కూర్చున్నాం. అదే పని పదిహేను రోజుల ముందు చేయించి ఉంటే, మర్నాడు పొద్దున్న లెవెల్ చూసుకుని కాస్త పోసుకునేవాణ్ణి, అంతటితో పోయేది. పాత పైపు ఎంత అనుమానమో, నిన్న విప్పి బిగించిన కొత్త పైపూ ఒక వంద కిలోమీటర్లు తిరిగేదాకా అంతే అనుమానం.

ఇక మొదటి దారి, కూలెంట్ ఒక్కటే మార్చడం. తక్కువ ఖర్చు, తక్కువ పని, తీసిపారేసేది కాదు. కూలెంట్‌లో ఉండే తుప్పు పట్టనివ్వని మందు కాలంతో పాటు అరిగిపోతుంది. పాతకాలం రకానికి రెండు మూడేళ్లు, ఎక్కువకాలం వచ్చే రకానికి ఐదేళ్లు అని లెక్క, మీ కారు పుస్తకంలో ఎంత రాసి ఉంటే అంత. రంగు చూసి కొనకండి. పచ్చది, ఎర్రది, నీలం అనేవి కంపెనీలు ఎవరికి వారు కలుపుకునే రంగులు, లోపలి రసాయనం రంగుతో తెలియదు. పొంతన లేని రెండు రకాలు కలిస్తే తుప్పు నుంచి కాపాడే గుణం తగ్గిపోతుంది, కొన్నిసార్లు జిగురులా గడ్డకట్టి సన్నని దారులు మూసుకుపోతాయి. కలిపే నీళ్లు డిస్టిల్డ్ వాటరే అయి ఉండాలి, బోరు నీళ్లు పోస్తే గిన్నె అడుగున పట్టే తెల్ల చారలాంటిదే రేడియేటర్ లోపలా పడుతుంది.

చాలామంది ఇక్కడే రేడియేటర్ మూతను మర్చిపోతారు. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపిన మిశ్రమం మామూలు గాలి పీడనంలో సుమారు 106, 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత సుమారు 1 బార్ ఒత్తిడిని పట్టి ఉంచితే అదే మిశ్రమం 125 డిగ్రీలు దాటేదాకా మరగదు. మూత లోపలి రబ్బరు గట్టిపడినా, స్ప్రింగ్ నీరసించినా ఆ ఇరవై డిగ్రీల ఊపిరి పోయినట్టే. ఎత్తు ఎక్కే రోడ్డు మీద ఏసీ వేసుకుని నిండు లోడుతో వెళ్లే రోజున మనకు కావలసింది సరిగ్గా ఆ ఇరవై డిగ్రీలే. కాబట్టి కూలెంట్ మారుస్తుంటే మూత కూడా మార్చండి, మీద అదే ఒత్తిడి నంబరు ఉన్నదే కొనండి.

కానీ కూలెంట్ మార్చినంత మాత్రాన పదేళ్ల రబ్బరు పైపు కుర్రదైపోదు. ఈ దారిలో లోటు ఇదే: పాత నీళ్లు మారాయి కదా అని గుండె నిబ్బరం వచ్చేస్తుంది, తెగేది మాత్రం ఇంకా అక్కడే ఉంటుంది. పాత ఇంజిన్‌కు ఘాటైన కెమికల్‌తో ఫ్లష్ చేయించడం కూడా నాకు ఇష్టం లేదు. లోపల పేరుకున్న మట్టే కొన్నిచోట్ల చిన్న చిన్న లీకులను మూసి ఉంచుతుంది, అది కదిలాక లీకు ఎక్కడ తేలుతుందో ఎవరూ చెప్పలేరు. డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు నింపి, వదిలి, తేటగా వచ్చేదాకా కడిగితే చాలు.

మూడో దారి, అన్నీ మార్చేయడం. మనుషులు లేని దారుల్లో వారాల తరబడి తిరగబోయేవాళ్లకు, లేదా కారు చరిత్ర ఏమీ తెలియకుండా కొన్నవాళ్లకు నేను కూడా ఇదే చెప్తాను. టైమింగ్ బెల్ట్‌తో (ఇంజిన్ వాల్వులను సమయానికి కదిలించే బెల్ట్) తిరిగే వాటర్ పంప్ అయితే మరీను. పంప్ దాకా చేరడానికి పడే చాకిరీ అంతా బెల్ట్ విప్పడానికే, కాబట్టి బెల్ట్ గడువు దగ్గర పడితే రెండూ ఒకేసారి. ఇప్పుడు బెల్ట్ ఒక్కటే మార్పించి, పంప్ కోసం ఆరు నెలల తర్వాత మళ్లీ అంతా విప్పించడం కన్నా నష్టం లేదు.

మిగతా కార్లకు మాత్రం ఇది నాకు అతి అనిపిస్తుంది. కంపెనీ బిగించి లక్షన్నర కిలోమీటర్లు చప్పుడు చేయకుండా తిరిగిన పంప్‌ను తీసి, దొరికిన చవక పంప్ వేయించడం లాభం కాదు. విప్పే కొద్దీ లీకు కాకుండా వేసే ఓ-రింగులు, గాస్కెట్లు, పైపులను బిగించే క్లాంపులు, పెళుసెక్కిన ప్లాస్టిక్ ముక్కులు అన్నీ కదులుతాయి. మెకానిక్ ఎంత నేర్పరైనా, ఏళ్ల వేడికి ఎండిన ప్లాస్టిక్ ఎప్పుడు చేతిలో విరుగుతుందో ఆయనకూ తెలియదు.

రెండో దారికి కావలసింది డబ్బు కన్నా ఓపిక. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పై హోస్‌ను క్లాంప్ పక్కనే రెండు వేళ్లతో నొక్కి చూడండి. మధ్యలో కాదు, చివర్లలో, ఎందుకంటే ఈ పైపులు ఎక్కువగా లోపలి నుంచి, అదీ బిగించిన చోటికి దగ్గరలోనే చెడతాయి, బయటికి నున్నగానే ఉంటాయి. మధ్యభాగం గట్టిగా ఉండి చివర మెత్తగా దిగిపోతే, లేదా నొక్కినప్పుడు లోపల పెళపెళమన్నట్టు తగిలితే దాని పని అయిపోయింది. తర్వాత టార్చి వేసి వాటర్ పంప్ కింది చిన్న రంధ్రం చూడండి. లోపలి సీల్ కారుతుంటే ఆ రంధ్రం నుంచే బయటికొస్తుంది, తడి ఎండిపోయినా కూలెంట్ రంగులో పెచ్చులా చార మిగులుతుంది. చార ఉంటే పంప్ మార్చాల్సిందే, పంప్‌ను తిప్పే చక్రం (పుల్లీ) ఊగినా అంతే. రేడియేటర్ అయితే పైన ప్లాస్టిక్ ట్యాంక్, మధ్యలో అల్యూమినియం కలిసే అంచు వెంట వేలు పోనిచ్చి తడి, పెచ్చు చూడండి. నల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, గోరుతో గీకితే పొడి రాలుతుంటే ఆ రేడియేటర్‌తో నేను ఊరు దాటను.

ఇవయ్యాక ప్రెజర్ టెస్ట్. మూత తీసి చేతి పంప్ బిగించి, మూత మీద రాసిన ఒత్తిడి దాకా కొట్టి పావుగంట వదిలేస్తారు. ముల్లు కదలకపోతే మంచిది. పడిపోతూ బయట ఎక్కడా తడి లేకపోతే లీకు లోపలికే కావచ్చు, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్ కింద ఉండే సీల్) పరీక్ష చేయించకుండా ప్రయాణం మాట ఎత్తకండి. ఫ్యాన్‌ను కూడా చూడాలి. ఏసీ వేస్తే తిరుగుతుందా అన్నదొకటి, ఏసీ ఆపి నిలబెట్టి ఉంచినప్పుడు వేడికి తనంతట తాను తిరుగుతుందా అన్నది ఇంకొకటి, రెండూ కావాలి. డ్యాష్‌బోర్డు ముల్లును మరీ నమ్మకండి, చాలా కార్లలో అది కొంత మేర వేడి పెరిగినా మధ్యలోనే నిలబడేలా చేసి ఉంటారు. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లెక్కలు చూపే పరికరం) పెట్టి అసలు డిగ్రీలు ఎంతో ఇప్పుడే రాసి పెట్టుకుంటే, దారిలో తేడా వచ్చినప్పుడు పోల్చుకోవడానికి ఉంటుంది.

పరీక్షలో పాస్ అయినా సరే, కంపెనీ నుంచి వచ్చినవే ఇంకా ఉంటే పై హోస్, కింది హోస్, థర్మోస్టాట్, మూత, కూలెంట్ ఈ ఐదూ నేను మార్చేస్తాను. ఖరీదు తక్కువ, వేసేది తేలిక. థర్మోస్టాట్ మూసుకుని ఆగిపోతే ఇంజిన్ నిమిషాల్లో వేడెక్కుతుంది, అల్యూమినియం హెడ్ వంగిందంటే ఆ ఖర్చు ముందు ఈ ఐదూ ఏ మూలకు! పంప్, రేడియేటర్ మాత్రం కళ్లకు కనిపించే ఆధారం ఉంటేనే.

లీకు ఆపే మందు డబ్బాలు ముందుజాగ్రత్తగా పోయకండి, అవి లీకునే కాదు, హీటర్ కోర్ (కారు లోపలికి వెచ్చని గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) సన్నని గొట్టాలను కూడా మూసేయవచ్చు.

ప్రయాణం ఎల్లుండే అయితే ఏమీ విప్పవద్దు. ప్రెజర్ టెస్ట్, ఫ్యాన్ టెస్ట్ చేయించి, చల్లని ఇంజిన్ మీద లెవెల్ సరిచేసి, మూత ఒక్కటి మార్చుకోండి. టెస్ట్‌లో హోస్ కారుతున్నట్టు తేలితే మాత్రం తప్పదు, అది మార్పించి, ఆ రాత్రే యాభై కిలోమీటర్లు తిప్పి, పొద్దున చల్లారాక లెవెల్ మళ్లీ చూసుకోండి. కాస్త తగ్గితే నింపి ఇంకోసారి తిప్పండి. రెండోసారీ తగ్గితే వేరే బండిలో వెళ్లండి.