వేటకు బైనాక్యులర్: చవకదా, మధ్యరకమా, ఖరీదైనదా?

పట్టపగలు చూస్తే చవక బైనాక్యులర్‌కీ, దానికి పదింతలు ధర ఉన్నదానికీ పెద్ద తేడా తెలియదు. "అంత డబ్బు దేనికి?" అని చాలామంది అడిగేది అందుకే. కానీ జింకలు, పందులు ఎక్కువగా మేతకు బయటికొచ్చేది తెల్లవారుతుండగా, లేదంటే పొద్దు గుంకుతున్నప్పుడు. ఆ మసక వెలుతురులో కొమ్మునీ ఎండుకొమ్మనీ విడదీసి చూపించిందే వేటకు పనికొస్తుంది. తక్కినవన్నీ దాని తర్వాతే.

ముందు ఎగ్జిట్ ప్యూపిల్ (కంటివైపు లెన్సులోంచి బయటికొచ్చే వెలుతురు బిళ్ల వ్యాసం) లెక్క చూడండి. ముందు లెన్సు వ్యాసాన్ని మాగ్నిఫికేషన్‌తో భాగిస్తే చాలు. 8×42కి (8 రెట్లు పెద్దగా చూపించేది, ముందు లెన్సు 42 మి.మీ.) 5.25 మి.మీ., 10×42కి 4.2, జేబులో పట్టే 10×25కి 2.5 వస్తుంది. చీకట్లో కుర్రవాళ్ల కనుపాప దాదాపు 7 మి.మీ. వరకు విచ్చుకుంటుంది, వయసు మళ్లినవాళ్లకు 5 దగ్గరే ఆగిపోవచ్చు. కాబట్టి 10×25 ఎంత పేరున్న కంపెనీదైనా సందెవేళ చేతులెత్తేస్తుంది.

సైజు ఒకటే అయినప్పుడు ధరల తేడా అసలు తెలిసేది కోటింగ్ దగ్గర, అంటే వెలుతురు వెనక్కి పోకుండా గాజు మీద వేసే పల్చటి పూత దగ్గర. కోటింగ్ లేని గాజు ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం వెలుతురును వెనక్కి కొడుతుంది. అలాంటివి 16 దాటేసరికి కంటికి చేరేది సగమే. అదే ఒక్కోచోట అర శాతమే పోతే 92 శాతం మిగులుతుంది. "కోటెడ్" అన్న ఒక్క మాట చూసి మోసపోవద్దు, "ఫుల్లీ మల్టీకోటెడ్" (అన్ని ఉపరితలాల మీదా పలు పొరల పూత) అని ఉండాలి. ఎర్రగా తళతళలాడే లెన్సుల జోలికి అసలు పోవద్దు.

లోపల బొమ్మను నిటారుగా తిప్పే గాజు దిమ్మే ప్రిజం. తక్కువ డబ్బే ఉంటే రూఫ్ ప్రిజం (గొట్టాలు తిన్నగా ఉండేది) వద్దు, పోర్రో ప్రిజం (గొట్టాలు మెలిక తిరిగి ఉండేది) 8×42 తీసుకోండి. రూఫ్ ప్రిజంకు ఫేజ్ కోటింగ్ (బొమ్మ పదును పోకుండా ప్రిజం మీద వేసే పూత) లేకపోతే సన్నని వివరాలు అలుక్కుపోతాయి. చవకవాటిలో తరచూ ఎగ్గొట్టేది దాన్నే. పోర్రోకు ఆ బెడద లేదు. కాకపోతే చవక పోర్రోల్లో చాలావాటికి సీలింగ్ ఉండదు, తేమ లోపలికి పోయి మసకబారతాయి. గట్టిగా దెబ్బ తగిలితే రెండు గొట్టాల వరస తప్పుతుంది, కాసేపటికే తలనొప్పి మొదలవుతుంది.

నా ఓటు మధ్యరకానికే. ఫేజ్ కోటింగ్, ప్రిజం మీద డైఎలక్ట్రిక్ (లోహం కాని పల్చటి పొరల) అద్దం పూత, నైట్రోజన్ నింపిన సీల్డ్ బాడీ, ఈ మూడూ ఉన్న 8×42 ఎక్కువమందికి సరిపోతుంది. అల్యూమినియం పూత సుమారు పదో వంతు వెలుతురును మింగేస్తుంది, డైఎలక్ట్రిక్ పూత 99 శాతానికి పైగా తిప్పి పంపుతుంది.

ఖరీదైనదాంట్లో అంచుల దాకా స్పష్టత ఉంటుంది, ఆకాశం ముందున్న కొమ్ముల చుట్టూ ఊదారంగు గీత దాదాపు కనిపించదు, సందెవేళ మరికొన్ని నిమిషాలు కలిసొస్తాయి. గంటల తరబడి కొండవాలు గాలించేవాళ్లకు ఆ డబ్బు దండగ కాదు. మిగతావాళ్లకు అంత అవసరం లేదు.

8×56 మాటు వేసి కూర్చునేవాళ్లకు బాగుంటుంది, నడిచేవాళ్లకు మెడకు బరువు. జూమ్ బైనాక్యులర్లు వద్దు.

కొనేటప్పుడు ఎండలో కాదు, చీకటి మూలలోకి తిప్పి చూడండి. తర్వాత చెయ్యి చాచి ఆకాశం వైపు పట్టుకుంటే కంటివైపు లెన్సులో వెలుతురు బిళ్ల గుండ్రంగా కనిపించాలి. అంచులు కోసేసినట్టు బూడిదరంగులో ఉంటే అది నాసిరకం ప్రిజం. కళ్లజోడు ఉన్నవాళ్లు ఐ రిలీఫ్ (బొమ్మ మొత్తం కనపడేలా లెన్సు నుంచి కన్ను ఉండగలిగే దూరం) 16 మి.మీ.కి తగ్గకుండా చూసుకోవాలి.