పెద్దలతో, పిల్లలతో శ్రీలంక: ఎక్కడ ఆగాలి, ఏది వదిలేయాలి

శ్రీలంక పొడవు సుమారు 430 కిలోమీటర్లే. మ్యాపులో చూస్తే ఒక్క వారంలో దేశమంతా చుట్టేయొచ్చనిపిస్తుంది. కానీ అక్కడి ఎక్స్‌ప్రెస్‌వేలు ఎక్కువగా కొలంబో పరిసరాల్లోనూ, దక్షిణ తీరం వైపూ ఉన్నాయి. మిగతా చోట్ల ఊళ్ల మధ్యగా, కొండల చుట్టూ తిరుగుతూ పోయే రోడ్లే. క్యాండీ నుంచి నువర ఎలియాకి 80 కిలోమీటర్లు కూడా ఉండదు, అయినా మూడు గంటలు చేతిలో ఉంచుకోవాలి. అరవై దాటిన పెద్దవాళ్లు, బడి పిల్లలు కలిసి వెళ్తున్నప్పుడు చూడాల్సినవాటి జాబితా కన్నా ఎన్ని చోట్ల పెట్టె విప్పాలన్నదే ముందు తేల్చుకోవాలి. మేం పెట్టుకున్న నియమం ఒకటే: ఆగిన ప్రతిచోటా కనీసం రెండు రాత్రులు. అలా కుదరని ఊరిని దారిలో చూసి ముందుకెళ్లడమే.

తర్వాత చూసుకోవాల్సింది వానలు. ఆ చిన్న ద్వీపానికి రెండు రుతుపవనాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు గాలె, బెంటోట ఉన్న దక్షిణ, పడమటి తీరాల వైపు పడతాయి. ఆ నెలల్లో సముద్ర స్నానాలకు తూర్పు తీరం, అంటే ట్రింకోమలీ, పాసికుడా బాగుంటాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా వెళ్తే దక్షిణ తీరం. రెండు తీరాలూ ఒకే యాత్రలో పెట్టుకుంటే ఏదో ఒకచోట అలలు ఎగసిపడుతూ పిల్లలు ఒడ్డునే నిలబడాల్సి వస్తుంది. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదైన శాంకరీ దేవి కోసం ట్రింకోమలీ వెళ్లాలని పెద్దవాళ్లకి కోరిక ఉంటే, యాత్రని వేసవిలో పెట్టుకుని తూర్పుకే మొగ్గడం నయం. మేం జనవరి ఎంచుకున్నాం కాబట్టి దక్షిణానికి వెళ్లాం.

బండి విషయంలో రెండో ఆలోచన వద్దు. ఆరుగురికి మించితే డ్రైవర్‌తో సహా వ్యాన్ మాట్లాడుకోవడమే మేలు. అక్కడ అందరూ దాన్ని కేడీహెచ్ అంటారు. సామాను పెట్టాక కూడా పెద్దవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. మాట్లాడుకునేటప్పుడే రోజుకి ఎన్ని కిలోమీటర్లు, టోల్, పార్కింగ్ ఎవరివి, డ్రైవర్ పడకా భోజనం ఎవరు చూసుకోవాలి అన్నవి అడిగి రాయించుకోండి. చాలా హోటళ్లలో డ్రైవర్లకు విడిగా గది ఉంటుంది, చిన్న హోమ్‌స్టేల్లో ఉండకపోవచ్చు. పగలంతా మనల్ని కొండల్లో తిప్పిన మనిషి రాత్రి సీటులోనే పడుకోవడం సరికాదు. గది బుక్ చేసేటప్పుడే ఆ సంగతి కూడా అడిగేవాళ్లం.

కటునాయక విమానాశ్రయం నుంచి నేరుగా సిగిరియా వైపు వెళ్లాం, సుమారు నాలుగు గంటల దారి. ఊరి చివర తోటలో ఉన్న కుటుంబ హోమ్‌స్టేలో దిగాం. ఈ యాత్రలో నాకు బాగా నచ్చిన బస అదే. గదులు సాదాసీదావే అయినా మెట్లు లేవు, వాకిట్లో నీడ ఉంది, ఇంటావిడ అడిగి మరీ వండిపెట్టింది. అదే డబ్బుకి రిసార్టులో ఈతకొలను వస్తుంది కానీ రిసెప్షన్ నుంచి గది దాకా నడవలేక మోకాళ్ల నొప్పులవాళ్లు అలసిపోతారు.

సిగిరియా 5వ శతాబ్దంలో కాశ్యపుడు రాజధానిగా చేసుకున్న బండ. పైకి దాదాపు 1200 మెట్లు. తెల్లవారగానే ఎక్కడం మొదలుపెడితే ఎండ ముదిరేలోగా దిగి రావచ్చు. అందరూ శిఖరం చేరాలని లేదు. సగం దారిలో కుడ్యచిత్రాలు, ఆ పైన సింహం పంజాలున్న చదును చూసినా యాత్ర ఫలించినట్లే. మా అత్తయ్య ఆ పంజాల దగ్గరే నీడ చూసుకుని కూర్చుని, "ఇక నావల్ల కాదమ్మా, మీరెళ్లి రండి" అంది. కింది నీటి తోటల్లోనే తిరుగుతామన్నా తప్పు లేదు, అన్ని శతాబ్దాలనాటి నీటి ఏర్పాటు ఇంకా కనిపిస్తుంది. టికెట్ కౌంటర్‌కి పాస్‌పోర్టులు పట్టుకెళ్లండి, సార్క్ దేశాలవాళ్లకి ధర తక్కువ.

సమయం తక్కువుంటే సిగిరియా ఉంచి పాత రాజధాని పొలొన్నరువ వదిలేయమంటారు చాలామంది. నేను ఒప్పుకోను. గల్ విహారలో ఒకే రాతిలో చెక్కిన బుద్ధ విగ్రహాల ముందు మా నాన్న కదల్లేదు. చోళుల కాలపు శివాలయం కూడా అక్కడే ఉంది. పైగా నేల చదును, ఒక కట్టడాల గుంపు నుంచి ఇంకోదానికి వ్యాన్‌లోనే వెళ్లొచ్చు. ఎక్కలేనివాళ్లకి ఇది సిగిరియా కంటే మంచి రోజు.

దంబుల్లా గుహాలయాన్ని క్యాండీ వెళ్లే దారిలో చూశాం. ఐదు గుహల్లో మూడోది కట్టించినవాడు కీర్తిశ్రీ రాజసింహ. ఆయన నాయక్కర్ వంశంవాడు. మదురై నుంచి వచ్చిన, తెలుగు మూలాలున్న ఆ వంశం 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలింది. మనవాళ్ల వేళ్లున్న రాజు బౌద్ధాన్ని నిలబెట్టడానికి సయాం నుంచి భిక్షువులను రప్పించాడని చెబితే పిల్లలు కూడా చెవులు రిక్కించి విన్నారు. ఆ వంశపు చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహని ఇంగ్లీషువాళ్లు వేలూరుకి పంపేశారు, 1832లో అక్కడే పోయాడు. ఇది తెలుసుకుని వెళ్తే బుద్ధుడి దంతం ఉంచిన క్యాండీ దళద మాలిగావ గుడి, పక్కనున్న చెరువు వేరేగా కనిపిస్తాయి. సాయంత్రం పూజకి రద్దీ విపరీతం, పౌర్ణమి నాడైతే మరీ. పెద్దవాళ్లతో ఉదయం పూజే హాయి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి ఫోటో దిగకూడదు, పిల్లలకు ముందే చెప్పండి.

క్యాండీ నుంచి కొండల్లోని ఎల్ల అనే ఊరి దాకా రైలు అని అందరూ చెబుతారు. అందం నిజమే, కానీ దాదాపు ఏడు గంటలు. మా సలహా: నువర ఎలియా దాకా వ్యాన్‌లో వెళ్లి, నాను ఓయ స్టేషన్లో రైలెక్కి ఎల్లలో దిగండి. మూడు గంటల్లోపు ప్రయాణంలో పట్టిపోల, హపుతలే దగ్గరి మంచి దృశ్యాలన్నీ దక్కుతాయి, వ్యాన్ సామానుతో రోడ్డు మీద వచ్చేస్తుంది. మొదటి తరగతి ఏసీలో కిటికీలు తెరుచుకోవు, పిల్లలకు రెండో తరగతి రిజర్వేషనే సరదా. నెల ముందు తెరిచిన టికెట్లు త్వరగా అయిపోతాయి. భారీ వానలకు కొండచరియలు పడితే రైళ్లు ఆగిపోతాయి, కాబట్టి బయల్దేరే ముందు లైను నడుస్తోందో లేదో కనుక్కోండి.

నువర ఎలియాలో పాత బంగళా హోటళ్లు చూడముచ్చటగా ఉంటాయి. ఎత్తు 1868 మీటర్లు, రాత్రి చలి గట్టిగానే ఉంటుంది. వేడినీళ్లు, అదనపు దుప్పట్ల గురించి ముందే అడగాలి. మేం దిగిన చోట గీజరు పదినిమిషాలకే చేతులెత్తేసింది. అయినా సీత అమ్మన్ కోవెల దగ్గర వాగు ఒడ్డున కూర్చున్న గంటకి మా అమ్మ అదంతా మరచిపోయింది. ఎల్లలో గెస్ట్‌హౌస్‌లు చాలావరకు ఏటవాలు దారుల చివర ఉంటాయి. వాకిలి దాకా వ్యాన్ వస్తుందా అని ఫోటోల కన్నా ముందు అడగండి.

చిరుతపులుల కోసం యాలా జాతీయ పార్కు అనేవాళ్లకి ఒకటి కనబడితే పండగే, లేదంటే దుమ్ములో జీపుల వరస. పిల్లలతో నేను ఉడవలవె పార్కుకే ఓటేస్తాను. ఏడాదంతా ఏనుగులు కనిపిస్తాయి. తల్లి లేని గున్నలను పెంచి మళ్లీ అడవిలోకి వదిలే కేంద్రం ఆ పక్కనే ఉంది, పాలు పట్టే సమయానికి దూరం నుంచి చూడనిస్తారు. మా చిన్నది ఆ మధ్యాహ్నం గురించే ఇప్పటికీ చెబుతుంది.

శాకాహారులకో ముఖ్యమైన మాట. కొబ్బరి సంబోల్ అనే పచ్చడిలోనూ, కొన్ని కూరల్లోనూ ఉంబలకడ అనే ఎండుచేప పొడి వేస్తారు, చూస్తే తెలియదు. "ఉంబలకడ వద్దు" అని ఆ పేరుతోనే చెప్పాలి. ఊళ్లలో తమిళుల శైవ హోటళ్లుంటే నిశ్చింత. గిన్నెలా ఉండే అప్పం దోసెలు, ఇడియప్పం, పప్పు కూర దాదాపు ప్రతిచోటా దొరికాయి. గేదె పెరుగు మీద కితుల్ (జీలుగు) చెట్టు పాకం పోసి ఇస్తారు, వదలొద్దు.

చివరి మజిలీ గాలె. డచ్చివాళ్ల కోట గోడ మీద సాయంత్రం నడక పెద్దలకీ పిల్లలకీ ఒకేలా నచ్చింది. కోట లోపలి గదులు ఖరీదు, ఇరుకు మెట్లు. ఉనవటునలో దిగి కోటకి వెళ్లి రావడమే మాకు సుఖంగా ఉంది. మిరిస్సాలో తిమింగలాల పడవ గంటల తరబడి ఊగుతుంది, వాంతుల బెడద ఉన్నవాళ్లు ఒడ్డున ఆగిపోవడం మంచిది. తెల్లవారుజాము విమానమైతే చివరి రాత్రికి నెగొంబోకి వచ్చేయండి. విమానాశ్రయం దగ్గరే, కొలంబో ట్రాఫిక్ తగలదు.